అంబాసిడర్ కారు సస్పెన్షన్: అరుగుదల, మరమ్మతు

అంబాసిడర్ భారతదేశంలో హిందుస్తాన్ మోటార్స్ సంస్థ తయారుచేసిన కారు. 1950ల చివరి నుండి 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో దీని ఉత్పత్తి జరిగింది. ఉత్పత్తి నిలిచిపోయినందున నేడు మిగిలిన అంబాసిడర్లన్నీ పాత వాహనాలే. వీటిని నడుపువారు తరచుగా ఎదుర్కొను సమస్యలలో సస్పెన్షన్ భాగాల అరుగుదల ముఖ్యమైనది. చక్రాలను వాహన శరీరానికి కలుపుతూ, బరువును మోస్తూ, రోడ్డు కుదుపులను తగ్గించు భాగాల సముదాయమును సస్పెన్షన్ అంటారు. ఈ భాగాలు అరిగినచో ప్రయాణ సుఖము తగ్గుట మాత్రమే కాక, స్టీరింగు, బ్రేకుల పనితీరు కూడా దెబ్బతింటుంది. ఈ వ్యాసంలో అంబాసిడర్ సస్పెన్షన్ నిర్మాణం, భాగాలు చెడుటకు కారణాలు, వాటిని గుర్తించు పద్ధతులు, మరమ్మతు విధానం వివరించబడినవి.

నేపథ్యం

హిందుస్తాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు వద్ద ప్రారంభమై, 1948లో ఉత్తరపారాకు తరలివచ్చింది. ఇంగ్లాండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి కారు ఆధారంగా ల్యాండ్‌మాస్టర్, మూడవ శ్రేణి ఆధారంగా అంబాసిడర్ తయారైనవి. ఇంజను, ముందు జాలీ, లోపలి అలంకరణ కాలక్రమంలో పలుమార్లు మారినను, శరీరపు ఆకృతి, సస్పెన్షన్ యొక్క మూల సూత్రం చివరి వరకు నిలిచి ఉన్నవి. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, వెనుక చక్రాలకు కమాను కట్టలు అనునదే ఆ సూత్రం. 1948లో వచ్చిన మోరిస్ మైనర్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కార్లలో కూడా టార్షన్ బార్ పద్ధతినే వాడారు.

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో దశాబ్దాల పాటు మంత్రులు, కలెక్టర్లు మొదలుకొని అద్దె టాక్సీల వరకు ఈ కారును విస్తారంగా వాడారు. గతుకుల రోడ్డును, అధిక బరువును తట్టుకొనునని దీనికి పేరు. ఆ పేరు కారణంగానే అనేకులు సస్పెన్షన్‌ను పట్టించుకొనక, విరిగిన తరువాత మాత్రమే మరమ్మతుకు తెచ్చుట పరిపాటి అయినది.

నిర్మాణం

ముందు భాగం

ముందు చక్రాలు రెండును ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పైకి కిందికి కదులుతాయి. ప్రతి చక్రానికి ఆధారమైన ఆర్మ్‌కు ఒక పొడవైన ఉక్కు కడ్డీ బిగించి ఉంటుంది. ఇది కారు అడుగున పొడవు వెంట అమర్చబడి, రెండవ కొన శరీరానికి కదలకుండా బిగించబడి ఉంటుంది. చక్రం పైకి లేచినపుడు కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలిక విడివడుటకు చేయు ప్రయత్నమే స్ప్రింగు బలంగా పనిచేస్తుంది. దీనినే టార్షన్ బార్ అంటారు. స్టీరింగు తిప్పినపుడు చక్రం తిరుగుటకు ఆధారమైన పిన్నులు, వాటి బుషులు, గ్రీజు నిపుల్స్ కూడా ఈ భాగంలోనే ఉంటాయి.

వెనుక భాగం

వెనుక యాక్సిలును రెండు కమాను కట్టలు మోస్తాయి. వేర్వేరు పొడవులు గల ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, మధ్యలో సెంటర్ బోల్టుతో బిగించినచో కమాను కట్ట అవుతుంది. పెద్ద పట్టీ రెండు కొనలు గుండ్రని కన్నులుగా చుట్టి ఉంటాయి. ముందు కన్ను శరీరానికి నేరుగా, వెనుక కన్ను షాకిల్ అను ఊగే లంకె ద్వారా బిగించబడతాయి. బరువు పడినపుడు కమాను సాగి పొడవు పెరుగుతుంది కావున షాకిల్ అవసరం. కట్టను యాక్సిలుకు యు-బోల్టులతో కలుపుతారు. కమాను కట్ట బరువు మోయుటతో పాటు యాక్సిలును దాని స్థానంలో నిలిపి ఉంచు పని కూడా చేస్తుంది. అందువలన కట్ట విరిగినచో యాక్సిలే పక్కకు జరుగును.

షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగులు కుదుపును స్వీకరిస్తాయి గాని, తమంత తాము త్వరగా నిలువవు. వాటి ఊగిసలాటను ఆపుటకు షాక్ అబ్జార్బర్లు ఉన్నాయి. వీటిలోని నూనె సన్నని రంధ్రముల గుండా పోవునపుడు కలుగు నిరోధము కదలిక శక్తిని వేడిగా మారుస్తుంది. షాక్ అబ్జార్బరు కారు బరువును మోయదు.

శరీరం

అంబాసిడర్‌కు లారీ వలె విడి చాసీ లేదు. రేకుతో చేసిన శరీరమే బరువునంతటిని మోస్తుంది. కమాను కట్టలు, టార్షన్ బార్లు బిగించు చోట్లు కూడా ఈ రేకు పెట్టెలలోనే ఉన్నందున తుప్పు పట్టుట సస్పెన్షన్ సమస్యగానే పరిగణించవలెను.

భాగాలు చెడుటకు కారణాలు

* ఉక్కు అలసట: లోహము లక్షల పర్యాయములు వంగి, మెలి తిరిగిన తరువాత, మోయగల బరువులోనే అయినను, సన్నని పగులుతో విరుగుట మొదలవుతుంది. ఉపరితలంపై చిన్న గాటు, తుప్పు గుంట ఉన్నచో పగులు అక్కడనే ప్రారంభమవుతుంది.
* శాశ్వతంగా కుంగుట: ఏళ్ళ తరబడి బరువు మోసిన స్ప్రింగు తన మొదటి ఆకృతికి పూర్తిగా తిరిగి రాదు.
* రబ్బరు గట్టిపడుట: వేడి, నూనె, గాలిలోని ఓజోన్ వలన బుషులు గట్టిపడి, బీటలు వారి, ఊడిపోతాయి. కారు తిరగకుండా షెడ్డులో ఉన్నను ఈ క్షయం ఆగదు.
* గ్రీజు లేకపోవుట: పిన్నుల వద్ద గ్రీజు ఎండినచో ధూళి, నీరు చేరి లోహము లోహముతో ఒరుసుకొనును.
* తుప్పు: వాన నీరు, బురద కమాను పట్టీల మధ్య నిలిచిపోతాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్ర తీర ప్రాంతాలలో ఉప్పు గాలి వలన ఇది మరింత వేగంగా జరుగుతుంది.
* అధిక భారం: అయిదుగురికి ఉద్దేశించిన కారులో ఎనిమిది, తొమ్మిది మందిని ఎక్కించుట, డిక్కీలో బస్తాలు వేయుట.

తుప్పు వలన కలుగు నష్టం కంటికి కనిపించు దానికన్న ఎక్కువ. కమాను పట్టీ గట్టితనం దాని మందం యొక్క ఘనమును బట్టి ఉంటుంది. మందం 10 శాతం తగ్గినచో గట్టితనం సుమారు 27 శాతం తగ్గుతుంది. టార్షన్ బార్ గట్టితనం వ్యాసం యొక్క నాల్గవ ఘాతమును బట్టి ఉంటుంది. కడ్డీ అంతటా వ్యాసం 5 శాతం తగ్గినచో గట్టితనం సుమారు 18 శాతం తగ్గుతుంది.

లక్షణాలు

* గతుకుపై "టక్" మను శబ్దం: షాకిల్ బుషులు, షాక్ అబ్జార్బరు బుషులు లేదా ముందు ఆర్మ్ బుషులు అరిగి ఉండవచ్చును.
* గతుకు దాటిన తరువాత కారు పలుమార్లు ఊగుట: షాక్ అబ్జార్బరు పనిచేయుట లేదు.
* కారు ఒక పక్కకు ఒరిగి నిలుచుట: ఆ పక్క స్ప్రింగు కుంగినది, లేదా పట్టీ విరిగినది.
* బ్రేకు వేసినపుడు ఒక పక్కకు లాగుట: బ్రేకులు సమంగా లేకపోవుట లేదా ముందు ఆర్మ్ బుషులు అరుగుట.
* స్టీరింగు వణుకు, తిరుగాడుట: పిన్నులు, టై రాడ్ ఎండ్లు, చక్రపు బేరింగులు పరీక్షించవలెను.
* టైరు ఒక అంచున మాత్రమే అరుగుట: చక్రపు వాలు లేదా అలైన్‌మెంటు సరిగా లేదు.
* టైరు చుట్టూ గుంటలు గుంటలుగా అరుగుట: షాక్ అబ్జార్బరు బలహీనత లేదా చక్రము సమతూకము తప్పుట.

కింది పరిస్థితులలో కారును నడపరాదు. బండిపై ఎక్కించి వర్క్‌షాపుకు తరలించవలెను: పెద్ద పట్టీ విరిగినపుడు, యు-బోల్టు తెగినపుడు లేదా వదులైనపుడు, టార్షన్ బార్‌పై పగులు కనిపించినపుడు, స్టీరింగు పిన్నులో లేదా టై రాడ్ ఎండులో ఆట స్పష్టంగా తెలియునపుడు, కమాను కట్ట బిగించు చోట రేకు చిరిగినపుడు. కేవలం బుషులు అరిగినపుడు లేదా షాక్ అబ్జార్బరు నూనె కారుచున్నపుడు తక్కువ వేగంతో వర్క్‌షాపు వరకు వెళ్ళవచ్చును.

పరీక్షించు విధానం

సమతలమైన నేలపై ఖాళీ కారును నిలిపి, టైర్లలో గాలి సరిచూచిన తరువాత పరీక్ష ప్రారంభించవలెను.

1. ఎత్తు కొలుచుట: ప్రతి చక్రపు నడిమి నుండి పైనున్న మడ్గార్డు అంచు వరకు టేపుతో కొలిచి వ్రాసుకొనవలెను. కుడి ఎడమల మధ్య గల తేడా ఏ స్ప్రింగు కుంగినదో తెలుపుతుంది. నేల నుండి కాక చక్రపు నడిమి నుండి కొలిచినచో టైర్ల తేడా లెక్కలోనికి రాదు.
2. నొక్కి వదలుట: కారు ఒక మూలను బలంగా రెండు మూడు సార్లు నొక్కి వదిలినచో, అది ఒకసారి లేచి, స్వల్పంగా దిగి నిలువవలెను. ఇంకను ఊగుచున్నచో షాక్ అబ్జార్బరు చెడినట్లే. అయితే ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన అది పూర్తిగా బాగున్నట్లు భావించరాదు. పాత బుషులు బిగుసుకొనిపోయినను కారు ఊగదు.
3. చక్రమును కదుపుట: ముందు చక్రమును జాకీతో లేపి, స్టాండుపై ఉంచి, టైరును పైన, కింద పట్టుకొని ఊపవలెను. ఆట ఉన్నచో మరొకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపవలెను. బ్రేకు తొక్కినపుడు ఆట పోయినచో లోపం చక్రపు బేరింగులో ఉన్నది. అప్పటికిని ఉన్నచో లోపం పిన్నులలో లేదా ఆర్మ్ బుషులలో ఉన్నది. తరువాత టైరును రెండు పక్కల పట్టుకొని ఊపినచో టై రాడ్ ఎండ్ల ఆట తెలుస్తుంది.
4. కమాను కట్ట: వైరు బ్రష్షుతో మట్టి తీసి, ప్రతి పట్టీని టార్చిలైటుతో చూడవలెను. పగుళ్ళు తరచుగా సెంటర్ బోల్టు రంధ్రం వద్ద, కన్ను మొదట్లో ఏర్పడతాయి. పట్టీల మధ్య నుండి ఎర్రని తుప్పు పొడి రాలుట కూడా గమనించవలెను.
5. రేకు: కట్టలు, టార్షన్ బార్లు బిగించు చోట్లను స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడవలెను. గట్టి రేకు గణగణమనును. తుప్పు తిన్నది డొల్ల శబ్దమిచ్చును. పైన నల్లని పూత దట్టంగా ఉన్నచో దానిని గీకి చూడనిదే నమ్మరాదు.

మరమ్మతు

ఖర్చు పరిమితంగా ఉన్నపుడు మొదట రేకు, పిమ్మట విరిగిన భాగాలు, ఆ పిమ్మట స్టీరింగు పిన్నులు, బుషులు, చివరగా షాక్ అబ్జార్బర్లు, ఎత్తు సర్దుబాటు అను క్రమమును పాటించుట మంచిది. బిగించు చోటు బలహీనంగా ఉండగా కొత్త కమాను కట్ట వేసినచో ఆ సొమ్ము వృథా అగును.

రబ్బరు బుషులు

బుషుల మార్పిడి అన్నిటికన్న తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చు పని. పాత బుషును ప్రెస్సుతో గాని, పొడవైన బోల్టు, సరిపడు గొట్టపు ముక్క సాయంతో గాని బయటకు తీస్తారు. కొత్త బుషును ఎక్కించుటకు సబ్బు నీరు వాడవలెను; ఇంజను నూనె, గ్రీజు సాధారణ రబ్బరును ఉబ్బింపజేసి చెడగొడతాయి.

లోపలి గొట్టము బోల్టుతో బిగుసుకొని, రబ్బరు మెలి తిరుగుట ద్వారా పనిచేయు బుషుల విషయంలో ఒక ముఖ్య నియమం ఉన్నది. కారును జాకీపై లేపి, చక్రాలు వేలాడుచుండగా బోల్టులను చివరి వరకు బిగించరాదు. అట్లు బిగించినచో కారు నేలపైకి దిగగానే రబ్బరు మెలి తిరిగి, నిత్యము ఆ మెలికలోనే ఉండి కొద్ది నెలలలోనే చిరుగుతుంది. బోల్టులను వదులుగా ఉంచి, కారును నేలపైకి దించి, ముందుకు వెనుకకు కొద్దిగా కదిపి, అప్పుడు పూర్తిగా బిగించవలెను. కొత్త బుషులు త్వరగా పోయినవని వచ్చు ఫిర్యాదులలో కొన్నింటికి కారణం ఇదే.

కమాను కట్టలు

కట్టను విప్పి, పట్టీలను విడదీసి, తుప్పు గీకి, పగుళ్ళు లేవని నిర్ధారించుకొనిన తరువాత పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు పూసి తిరిగి కట్టవలెను. సెంటర్ బోల్టును, యు-బోల్టులను పాతవి వాడక కొత్తవి వేయవలెను. కారు కొంత దూరం తిరిగిన తరువాత పట్టీలు సర్దుకొనుట వలన యు-బోల్టులు వదులగును. కావున కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరల బిగించుట తప్పనిసరి.

కుంగిన కట్టను తిరిగి వంచుటకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది, పట్టీని వేడిచేయకుండా సుత్తితో లేదా ప్రెస్సుతో వంచుట. రెండవది, పట్టీని ఎర్రగా కాల్చి వంచి, నూనెలో ముంచి గట్టిపరచి, మరల తక్కువ వేడిలో ఉంచి పెళుసుదనం తీయుట. రెండవ పద్ధతిలో ఉష్ణోగ్రత అదుపులో ఉన్నపుడే ఫలితం నిలుస్తుంది. కొలిమిలో కాల్చి నీటిలో ముంచిన పట్టీ పెళుసై అకస్మాత్తుగా విరుగవచ్చును. కాల్చి ఊరక చల్లార్చినది మెత్తనై త్వరలోనే మరల కుంగును. విరిగిన పట్టీని వెల్డింగు చేయరాదు. వెల్డింగు వేడి చుట్టుపక్కల ఉక్కు గుణమును మార్చివేయుట వలన అతుకు పక్కనే అది తిరిగి విరుగుతుంది.

టార్షన్ బార్లు

కుంగిన ముందు భాగమును చాల సందర్భాలలో కొత్త కడ్డీ లేకుండానే సరిచేయవచ్చును. కడ్డీ కొనలలోని గాళ్ళను ఒకటి రెండు స్థానాలు మార్చి బిగించినచో కారు ఎత్తు పెరుగుతుంది. పని ముందు రెండు కొనల స్థానమును సుద్దముక్కతో గాని పెయింటుతో గాని గుర్తు పెట్టుకొనవలెను. కుడి, ఎడమ కడ్డీలను తారుమారు చేయరాదు. పనిచేయు దిశలోనే ముందుగా మెలిపెట్టి తయారుచేసిన కడ్డీ ఎదురు దిశలో వాడినచో తొందరగా కుంగుతుంది లేదా విరుగుతుంది. కడ్డీని పైపు రెంచితో పట్టుట, ఉలితో గుర్తు పెట్టుట, గ్రైండింగు చేయుట కూడదు. ఆ గాటే రేపటి పగులు. పెయింటు పోయిన చోట తుప్పు తీసి వెంటనే పూత వేయవలెను.

పిన్నులు, షాక్ అబ్జార్బర్లు

అరిగిన పిన్నును, దాని బుషును కలిపి మార్చవలెను. కొత్త బుషులో పాత పిన్ను వేసినచో ఆట త్వరగానే తిరిగి వస్తుంది. బుషును రీమరుతో సరైన కొలతకు తెచ్చి, పిన్ను చేతితో తిరుగునంత బిగువుగా ఉండునట్లు చూడవలెను. బిగించిన తరువాత పాత గ్రీజు బయటకు వచ్చి కొత్తది కనిపించు వరకు గ్రీజు గన్నుతో ఎక్కించవలెను. షాక్ అబ్జార్బర్లను ఒకే యాక్సిలుపై రెండింటిని కలిపి మార్చుట పద్ధతి. ముందు భాగంలో ఏ పని చేసినను చివరకు వీల్ అలైన్‌మెంటు చేయించవలెను. ఎత్తు మార్చినపుడు ఇది మరింత అవసరం.

భద్రతా జాగ్రత్తలు

జాకీ కారును లేపుటకే గాని దాని కింద పనిచేయుటకు కాదు. ఇటుకలు, రాళ్ళు బరువుకు పగిలిపోవచ్చును కావున లోహపు స్టాండ్లనే వాడవలెను. మెలికలో ఉన్న టార్షన్ బార్‌లోను, వంగి ఉన్న కమాను కట్టలోను అధిక శక్తి దాగి ఉంటుంది. బరువు పూర్తిగా తీయకుండా బోల్టు విప్పినచో ఆర్మ్ ఒక్కసారిగా విసురుకొని ఎముకలు విరుగును. ఆర్మ్ కింద జాకీ ఉంచి నెమ్మదిగా దించుట నేర్పు గలవారు చేయవలసిన పని.

అపోహలు

* "కారు కుంగినచో షాక్ అబ్జార్బరు మార్చవలెను": షాక్ అబ్జార్బరు బరువు మోయదు కావున దీని వలన ఎత్తు పెరుగదు.
* "పాత స్ప్రింగు మెత్తబడును": కుంగిన స్ప్రింగు ఆకృతి మారును గాని, పగులు, తుప్పు లేనంత వరకు గట్టితనం దాదాపు మారదు. గతుకులపై అడుగు తగులుటకు కారణం కదలికకు చోటు తగ్గుటయే.
* "అదనపు పట్టీ వేసినచో బలం": ఒకే మందము గల అయిదు పట్టీలకు ఆరవది చేర్చినచో గట్టితనం సుమారు 20 శాతం పెరిగి, ఖాళీ కారు ఎగిరిపడుతుంది, ఆ కుదుపు రేకుపై, బిగింపులపై పడుతుంది.

విడిభాగాల లభ్యత

2014లో ఉత్పత్తి ఆగిన తరువాత కూడా ఈ కారు విడిభాగాలు వేర్వేరు తయారీదారుల నుండి, పాత నిల్వల నుండి లభించుచున్నవి. అంబాసిడర్ అను పేరు హక్కులను 2017లో హిందుస్తాన్ మోటార్స్ 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థకు విక్రయించింది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల కమాను కట్టలు కట్టువారు, లేతుపై పిన్నులు, బుషులు చేయువారు ఉన్నారు. లేతుపై చేసిన పిన్ను కొలతలో సరిగా ఉన్నను, సాధారణ ఇనుముతో చేసి ఉపరితలమును గట్టిపరచనిచో త్వరగా అరుగుతుంది. నకిలీ బుషులలో రబ్బరు పాలు తక్కువగా ఉండి గోరుతో గీసినపుడు పొడి రాలుతుంది. తుక్కు కార్ల నుండి తీసిన కమాను పట్టీలు, టార్షన్ బార్ల పూర్వ చరిత్ర తెలియదు కావున పగుళ్ళను చూపు రంగు ద్రావణ పరీక్ష చేయించి మాత్రమే వాడవలెను.

చట్టపరమైన అంశాలు

మోటారు వాహనాల చట్టం, 1988 క్రింద సొంత కారు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ పిమ్మట వాహనమును తనిఖీ చేయించి, అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకొనవలెను. టాక్సీల వంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటేటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం అవసరం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనమును మార్చుట ఇదే చట్టంలోని 52వ సెక్షను ప్రకారం నిషిద్ధం. కోల్‌కతా మహానగర ప్రాంతంలో 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను తొలగించవలెనని 2008లో కలకత్తా హైకోర్టు ఆదేశించినపుడు అక్కడి అంబాసిడర్ టాక్సీలపై ఆ ప్రభావం పడినది.

2021లో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేయుటకు నియమాలు ప్రకటించింది. వీటి ప్రకారం చాసీ, శరీరం, ఇంజను మౌలికంగా మార్చబడి ఉండరాదు. కావున తొలితరం అంబాసిడర్ గలవారు ముందు భాగమును కోసి వేరొక కారు సస్పెన్షన్‌ను అతికించుటకన్న, ఉన్న టార్షన్ బార్లను, కమాను కట్టలను బాగుచేయించుకొనుట మేలు. అతికించిన చోటు బలము పరీక్షించబడినది కాదు. పైగా నమోదు అర్హత కూడా పోవచ్చును.

ఇవి కూడా చూడండి

* హిందుస్తాన్ మోటార్స్
* షాక్ అబ్జార్బరు
* కమాను కట్ట
* స్టీరింగు
* లోహపు అలసట